గీతలు పడిన ఫోటోలు

అక్కా,

నువ్వు పనిచేసిన బాణసంచా యూనిట్‌ను నిన్న మళ్ళీ తెరిచారు. మందు కూరే గదిలో పని చేస్తుండగా పేలుడు జరిగి, నువ్వు పోయి నేటికి సరిగ్గా ఏడాది.

ఈ ఏడాదంతా మన ఊరు వెంబకోట్టై మీద పొగ తక్కువ. డాబా మీద టెలిస్కోప్‌కు కెమెరా బిగించి నేను తీసిన ఫోటోల్లో మంచివన్నీ ఈ ఏడాదివే. నీకు చెప్పకూడదు గానీ, అది నిజం.

నిన్న చీకటి పడగానే ఓరియన్ నెబ్యులా మీద గురిపెట్టాను. అంత మసక వెలుగు కనబడాలంటే వంద ఫోటోలు తీసి, కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. నలభయ్యో ఫోటో దగ్గర యూనిట్ వైపు నుంచి రాకెట్ లేచింది. తర్వాత ఇంకోటి. కొత్త సరుకు టెస్టింగ్ చేస్తున్నారు. అలాంటి రోజు నువ్వు మధ్యాహ్నమే ఫోన్ చేసేదానివి. "ఒరే, ఈ పొద్దు రాకెట్లు ఇడుస్తారు. నీ గొట్టం బయటికి తియ్యొద్దు." నిన్న ఎవరూ చెయ్యలేదు.

ఇవాళ పొద్దున రాకెట్ వెలుగు గీతలు పడినవి తీసేస్తుంటే నీ కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"ఇన్నీ పాడయిపోయినాయా మామా?"

"టెస్టింగ్ ఉండాదని ముందే తెలిసుంటే కెమెరా పెట్టేవాణ్ణి కాదు."



"ఇంక మీద నేను అడిగి చెప్తా. నా క్లాసు పిల్ల వాళ్ళమ్మ నిన్న ఆడ పనికి చేరింది."

"ఏం పనికి?"

"అమ్మ పనికే."