గొంతు తగ్గిన కార్లు

చిట్టికి నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ అమ్మా కులాసా. నీ తిండీ నిద్రా సరిగ్గానే ఉన్నాయని తలుస్తున్నాను. లేకపోతే అమ్మకు చెప్పకు, నాకు రాయి.

కార్ల రేసులు ఇంకా చూస్తున్నావా అని అడిగావు. చూడక ఏం చేస్తాను? మొన్న ఆదివారం కూడా మెకానిక్ షెడ్డు మూసి టీవీ ముందు చేరాను. ఎప్పుడూ గెలిచేవాడే గెలుస్తున్నాడు. కార్లు బరువెక్కాయి. ఒక నిబంధన అర్థమయ్యేలోపే ఇంకోటి పెడుతున్నారు. అందుకని ఈసారి ముందువాణ్ణి వదిలేసి, ఒకే పాయింటు దక్కే పదో స్థానం కోసం కొట్టుకుంటున్న ఇద్దరిని చూశాను. చివరిదాకా ఒకరినొకరు రాసుకుంటూనే పోయారు. "ఒక్క పాయింటు కోసం ఇంత యుద్ధమా?" అంది అమ్మ, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. ఆట బతికే ఉంది చిట్టీ, మనం చూసే చోటే మారాలి.

ఇక రెండో ప్రశ్న. కరెంటు కార్ల రేసు జట్టులో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పటి నుంచి నేను ఫోన్ ఎత్తడం లేదనీ, కోపమొచ్చిందేమోననీ, అందుకే ఇంకా సంతకం పెట్టలేదనీ రాశావు. శబ్దం లేని రేసు ఉప్పు లేని కూర అన్నది నేనే, ఒప్పుకుంటాను. ఇప్పటి పెట్రోలు కార్లకు కూడా గొంతు పోయిందని షెడ్డుకు వచ్చినవాళ్ళందరి దగ్గరా వాపోయాను. నిజంగానే కొంత తగ్గింది. నేననుకున్నంత మాత్రం కాదు.

దాచిన మాట చెబుతాను. పోయిన నెల ఒక టీచరు గారు కారు తెచ్చారు. బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విని, "ఇంజన్ బంగారంలా ఉందమ్మా" అని పంపేశాను. మర్నాడే తిరిగొచ్చారు. "టకటకా కొట్టుకుంటోందండీ, వీధి చివరిదాకా వినబడుతోంది. మీకు వినబడట్లేదా?" అన్నారు. వినబడలేదు. ముప్ఫై ఏళ్ళు చెవి పెట్టి రోగం చెప్పినవాణ్ణి, తల కొట్టేసినట్టయింది.

అమ్మ నన్ను చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఇంజన్ల పక్కన నిలబడీ నిలబడీ రెండు చెవులూ సగం పోయాయట. ఫోన్లో నీ మాట నాకు గుసగుసలానే అందేది. గట్టిగా మాట్లాడమంటే సంగతి నీకు తెలిసిపోతుందని ఎత్తడమే మానేశాను. అది కోపం కాదమ్మా, సిగ్గు.

మొన్న ఆదివారం చెవి మిషన్లు పెట్టుకుని కూర్చున్నాను. నేను తిట్టిపోసిన ఆ కార్లే గోల గోల చేశాయి. అమ్మ అన్న ఒక్క పాయింటు మాట కూడా అలా విన్నదే. తర్వాత నీ కరెంటు రేసు పెట్టించుకున్నాను. ఈల వేసినట్టుంది, ముందు నవ్వొచ్చింది. నాలుగు రౌండ్లు తిరిగేసరికి ఏ కారు బలంగా లాగుతోందో ఆ ఈలలోనే పట్టేశాను. ముప్ఫై ఏళ్ళ విద్య ఎక్కడికి పోతుంది?

సంతకం పెట్టు. ఏ ఇంజన్ పక్కకు వెళ్ళినా చెవులకు మూతలు పెట్టుకో, నాలా మొండికేయకు. చేరిన రోజున మీ మోటారు దగ్గర నిలబడి నాకు ఫోన్ చెయ్యి. దాని ఈల ముందు వినిపించు, తర్వాత నువ్వు మాట్లాడు. మామూలుగానే మాట్లాడు, అరవక్కర్లేదు.

ఇట్లు,
మొదటి రింగుకే ఎత్తబోయే
మీ నాన్న