సంతకం పెట్టమందునా

గోదావరిఖని,
శుక్రవారం

శ్రీరాంపూర్‌లో ఉన్న లింగమూర్తి బావకు,

పదిహేనేండ్ల నుంచి నీతో మాట్లాడలేదు. అయినా నువ్వు నా పెండ్లాం ఐలవ్వకు అన్నవు కాబట్టి బావా అనే రాస్తున్నాను. కార్మిక సంఘం ఆఫీసులో పలక పట్టించి నువ్వు నేర్పిన అక్షరాలే ఇవి. తప్పులుంటే నీవే అనుకో.

నా కోపమేమిటో నీకు తెలుసు. తెలియనట్టు నటిస్తావు కాబట్టి రాస్తున్నాను. రిటైరు కావడానికి మూడేండ్లున్నప్పుడు నా మోకాళ్ళు నిజంగానే పోయినవి. కంపెనీ డాక్టరుతో పనికి అన్‌ఫిట్ అని రాయించుకుంటే నా కొలువు నా కొడుకు రఘుపతికి వచ్చేది. బొగ్గు బావి మీద అందరూ చేసిందే. నువ్వు నన్ను జెండా గద్దె దగ్గర నిలబెట్టి, "తండ్రి కొలువు కొడుక్కిచ్చుడంటే ఆస్తి పంచుడే బుచ్చన్నా. మనం ఆస్తికి ఎదురు నిలబడ్డోళ్ళం. పదేండ్లు ఆగు, ఈ పెట్టుబడే కూలిపోతది. అప్పుడు అందరి పిల్లలకు పనే," అన్నావు. నేను నమ్మాను. దవాఖాన గేటు దాకా పోయి, దరఖాస్తు చింపి మోరీలో పడేసి వచ్చాను. అరవై నిండేదాకా అవే మోకాళ్ళతో బావిలోకి దిగాను.

ఆ మరుసటేడే నువ్వు అన్‌ఫిట్ అయ్యావు. నీ కొలువు నీ కొడుకు వేణుమాధవ్‌కు వచ్చింది. నీ ఛాతీలో దుమ్ము ఉండవచ్చు, లేదనను. కానీ ఆ మాట నీ నోట వినలేదు, చాయ్ హోటల్లో విన్నాను.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఐలవ్వతో, డాక్టరు నన్ను ఫిట్టే అన్నాడని అబద్ధం చెప్పాను. రఘుపతి కూడా అదే నమ్మాడు. ఇన్నేండ్లు ఇద్దరూ ఆ డాక్టరును తిట్టుకున్నారు. నేను వింటూ ఊరుకున్నాను.

ఇప్పుడు రఘుపతి ఓపెన్‌కాస్టు గనిలో కంట్రాక్టరు కింద మట్టి లారీ నడుపుతాడు. పర్మనెంటోళ్ళు చేసే పనే మేమూ చేస్తున్నాము, వాళ్ళకున్న హక్కులు మాకూ కావాలని అరవై మంది డ్రైవర్లు సమ్మె టెంటు వేశారు. మావాడు తొమ్మిది రోజులు అందులో కూర్చున్నాడు. పదో రోజు పనికి రావద్దన్నారు. లారీలు ఒక్క పూటైనా ఆగలేదు. ఎక్కడి నుంచో డ్రైవర్లను దింపారు.

మొన్న నీ కొడుకే ఒక కాగితం తెచ్చాడు. ఏ సంఘంలో చేరను, ఏ టెంటు కింద కూర్చోను అని రఘుపతి సంతకం పెడితే మళ్ళీ తీసుకుంటారట. వేణుమాధవ్ చెడ్డవాడు కాదు, పాపం బావమరిది కోసం తిరిగి తెచ్చాడు. మే డే నాడు నువ్వు మైకులో పెట్టుబడికి రోజులు దగ్గర పడ్డాయని చెప్పిన సంగతి ఎత్తాను. వాడు నవ్వాడు.

"మామా, అది పొయ్యేది కాదు. మా నాయన మీటింగుల చెప్తడు. ఇంట్ల నాకు ఒక్కనాడు చెప్పలే."

వాడు పోయినాక రఘుపతికి దరఖాస్తు చింపిన సంగతి చెప్పేశాను. చాలాసేపు నా మోకాళ్ళ దిక్కే చూశాడు.

"అప్పుడు నన్ను అడగకుండ నా కొలువు ఇడిసిపెట్టినవ్. ఇప్పుడు నేనే అడుగుతున్న, సంతకం పెట్టాల్నా వద్దా? నువ్వే చెప్పు నాయనా."

పొయ్యి దగ్గర ఐలవ్వ విన్నది. నా కంచం తెచ్చి ముందర పెట్టి, "మా అన్ననే అడుగు. అక్షరాలతోని నీకు బుద్ధి గూడ గాయననే నేర్పిండు గద," అన్నది.

నేను చూసింది చూసినట్టు చెబుతాను. నువ్వన్న పదేండ్లు పోయాయి, మీద ఆరేండ్లు పోయాయి. మనమంతా షిఫ్టు పొడుగూ తట్టలతో నింపిన బొగ్గు, ఇప్పుడు యంత్రం నాలుగు బొక్కెనల్లో ఎత్తిపోస్తుంది. బావులు మూశారు, కంట్రాక్టర్లు పెరిగారు. కూలిపోయేదేదీ ఇట్లా బలవదు. ఇంకో పక్క, ఆ రోజుల్లో మనమంతా సమ్మె కట్టి ఇంట్లో కూర్చుంటే బావిలో ఒక్క బొగ్గు టబ్బు కదలలేదు. అదీ ఈ కళ్ళతోనే చూశాను. ఏది నమ్మి నా కొడుక్కు చెప్పాలి? ఆ పెట్టుబడి పోయేదే అయితే సంతకం వద్దంటాను, గంజి తాగైనా వాణ్ణి నిలబెడతాను. ఉండేదే అయితే, నలభై ఏండ్లు నాకు అబద్ధం చెప్పావని ఒప్పుకో. సంతకం పెట్టి పనికి పొమ్మంటాను. నన్ను నేను తిట్టుకునేది తర్వాత చూసుకుంటాను.

చరిత్ర, దశలు అని తిప్పి రాయకు. ఎదురుగా వస్తే మాటల్లో నువ్వే గెలుస్తావు, అందుకే రావద్దు. ఉత్తరమే రాయి. దీన్ని అంటించకుండా వేణుమాధవ్ చేతికే ఇస్తున్నాను, వాడు కూడా చదవాలని.

సోమవారం ఫస్టు షిఫ్టుకు రఘుపతి ఆ కాగితంతో కంట్రాక్టరు ఆఫీసు ముందర ఉండాలి. ఆదివారం పొద్దు గూకేలోపల నీ జవాబు నా చేతిలో పడాలి. పెట్టాలనో వద్దనో ఒక్క మాట, కింద నీ సంతకం. నా కొడుకు తన సంతకం గురించి ఆలోచించే ముందు, నీ సంతకం చూడాలి.

నీ చెల్లె మొగుడు,
బుచ్చన్న