మూడో గడి – భాషా కలలు

చెరుకుపల్లి,
మే 26.

తెనాలి హైస్కూలు గుమాస్తా బాబుగారికి చెరుకుపల్లి సైకిలు షాపు ఏసుపాదం వందనాలు. ఇక్కడ రోహిణి ఎండ ఒక్కటి తప్ప అంతా క్షేమం. మీ నెత్తిన ఫ్యాను తిరుగుతోందని తలుస్తాను.

మా మనవరాలు క్రిస్టినా మీ బడిలో తొమ్మిదిలో చేరుతోంది. వాళ్లమ్మ కరుణశ్రీ గుంటూరు ఆసుపత్రిలో నర్సు, సెలవు దొరకదు. కాబట్టి ఫారం మీద సంతకం నాది. ఆ ఫారంలో ఇంగ్లీషు మూడు రకాలని, ఒకటి ఎంచుకోమని, ఎంచుకున్నాక రెండేళ్లు మార్చేది లేదని రాశారు. ఒకటి, సాధారణ ఇంగ్లీషు. రెండు, వ్యవహార ఇంగ్లీషు. మూడు, ఇంగ్లీషు – భాషా కలలు.

బాబూ, నేను బడికి పోయినవాణ్ణి కాను. బజ్జీల పొట్లాలు విప్పి, ఆ కాగితాలు చదివి నేర్చుకున్నవాణ్ణి. నా చదువంతా నూనె మరకల మీదుగా సాగింది, ఏ కథకీ చివర తెలియదు. ఒకసారి హంతకుడెవరో తేల్చుకుందామని వరసగా మూడు రోజులు మిరపకాయ బజ్జీలు కొన్నాను. హంతకుడు దొరకలేదు, నేను మాత్రం కొద్దిలో బతికాను. ఎందుకు చెబుతున్నానంటే, అన్ని కాగితాల్లోనూ కలలు నేర్పే కోర్సు నాకెక్కడా తగల్లేదు.

అసలు సంగతి, మా పిల్లకి మాట పట్టేస్తుంది. రేపల్లెలో చుట్టాల పెళ్లిలో బైబిలు వాక్యం చదవమంటే ‘మ’ దగ్గర ఆగిపోయింది. జనం తలా ఒక మాట అందించి, చివరికి వాళ్లే చదివేశారు. అప్పట్నుంచి బయటివాళ్లతో మాట్లాడటమే మానేసింది. ఒకటో రకం అయితే నోరు తెరవక్కర్లేదని పాత బడి మేష్టారన్నారు. పిల్లేమో మూడో గడిలో పెన్సిలుతో టిక్కు పెట్టుకుంది. అందులో ఏం చేయిస్తారో రాయండి. రెండేళ్ల సంగతి. తప్పు గడిలో పెడితే దాని నోరు మూసినవాణ్ణి నేనే అవుతాను.

ఇట్లు,
ఏసుపాదం

తా.క.: దుప్పటి, దిండు మేమే తెచ్చుకోవాలా, బడిలో ఇస్తారా?

*

తెనాలి,
మే 29.

శ్రీ ఏసుపాదం గారికి,

మీ ఉత్తరం అందినది. అది ‘కలలు’ కాదు, ‘కళలు’. ఫారాలు బాపట్లలో అచ్చు వేయించాం. ‘ళ’ కొట్టడానికి రెండు మీటలు నొక్కాలట, ‘ల’కి ఒకటి చాలునట. అందుచేత వారు ఒకదానితో సరిపెట్టారు.

ఆ కోర్సులో పైకి చదవడం, కథ చెప్పడం, నాటిక వేయడం ఉంటాయి. వంద మార్కుల్లో అరవై నోటితో తెచ్చుకోవలసినవే. మాట పట్టేసే పిల్లలకు ఒకటో రకమే క్షేమమని ప్రిన్సిపాల్ గారి అభిప్రాయం. జూన్ 10లోగా మీ నిర్ణయం తెలియకపోతే ఒకటిలో వేయబడును.

ఎం.ఎస్.,
ఆఫీసు గుమాస్తా

తా.క.: దిండు అవసరం లేదు.

*

చెరుకుపల్లి,
జూన్ 2.

ఎమ్మెస్ బాబుగారికి ఏసుపాదం మళ్లీ వందనాలు.

అది ‘ళ’ అయితేనేం, ‘ల’ అయితేనేం, ఇక్కడ మొదలైపోయిందండి.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని పిల్ల నవారు మంచం మీద నిద్రపోయింది. నేను గడపలో కూర్చుని ట్యూబుకి పంక్చరు వేస్తున్నాను. లోపల్నించి ఇంగ్లీషు వినబడింది. టీవీ అనుకున్నాను. కరెంటు లేదు. వెళ్లి చూద్దును గదా, పిల్ల. కళ్లు మూసుకుని, ఒక్క అక్షరం పట్టేయకుండా, తీరుబడిగా మాట్లాడుతోంది. మధ్యలో ఆగుతోంది. మాట రాక ఆగడం కాదు బాబూ, ఎదుటివాళ్లు జవాబు చెబుతుంటే వినడానికి ఆగడం. విన్నాక ‘గుడ్’ అంటుంది. మా ఆవిడ సరోజ వంటింట్లోంచి, “గుడ్డు అడుగుతోంది, ఉడకెయ్యనా?” అంది.

వరసగా మూడు రోజులు ఇదే. రెండుంబావుకి మొదలు, మూడు కొట్టేసరికి ఆపు. లేపి అడిగితే ఏమీ ఎరగనంటుంది. దాని వేళ్లకి చూస్తే సుద్దముక్క పొడి. మా ఇంట్లో సుద్దముక్క అన్నది లేదు. నా వృత్తిలో అంటుకునేదంతా నలుపే.

ఫారం అందకముందే క్లాసులు మొదలెట్టడం ఏం పద్ధతండి?

ఇట్లు,
ఏసుపాదం

తా.క.: మా మేక కూడా రెండుంబావుకి మేత మానేసి కిటికీ కింద నిలబడుతోంది. దానికి వేరే ఫారం నింపాలా?

*

తెనాలి,
జూన్ 4.

ఏసుపాదం గారికి,

బడి 12న తెరుస్తారు. అంతవరకు పాఠాలు లేవు. అయినా మీ ఉత్తరం చదివాక, మూడో కోర్సుకు కేటాయించిన మేడమీది గది తాళం తీయించి చూశాను. బెంచీల మీద ఏప్రిల్ నాటి దుమ్ము అలాగే ఉంది. బోర్డు మాత్రం అప్పుడే తుడిచినట్టు తడిగా ఉంది. ఆయా తుడిచి ఉంటుంది. ఆయా సెలవులో ఉంది. వచ్చాక అడుగుతాను.

దయచేసి గడి సంగతి తేల్చండి. మీ పిల్ల పేరుకెదురుగా ప్రిన్సిపాల్ గారు ఇప్పటికే ‘ఒకటి’ అని పెన్సిలుతో రాసుకున్నారు.

ఎం.ఎస్.

తా.క.: మా బడిలో నిద్రలో పాఠం చెప్పేవారెవరూ లేరు. నిద్ర వచ్చేలా చెప్పేవారు ఇద్దరున్నారు. ఈ వాక్యం ఆఫీసు కాపీలో లేదు.

*

చెరుకుపల్లి,
జూన్ 7.

ఎమ్మెస్ బాబుగారికి వందనాలు. క్షేమం అని రాసి కొట్టేశాను.

నిన్న పిల్ల నిద్రలో హాజరు పిలిచింది. రోల్ నంబర్లతో సహా. “లెవన్, లాజరు” అంది. లాజరు మా పక్కింటివాడు, డెబ్బయ్యేళ్లు, వేలిముద్ర మనిషి. ఆ సమయానికి తన అరుగు మీద గుర్రు పెడుతున్నాడు. గుర్రు ఆపి, “ప్రెజెంట్ టీచర్” అని, మళ్లీ గుర్రు పెట్టాడు. పేరు అలాంటిది లెండి, బైబిల్లో లాజరు సమాధిలోంచే లేచొచ్చాడు, పిలిస్తే పలకాల్సిందే. లేచాక అడిగితే, “ప్రెజెంటంటే ఏంటి బావా?” అని నన్నే అడిగాడు.

తర్వాత “ఎయిటీన్, సామ్రాజ్యం” అంది. ఎక్కడా చప్పుడు లేదు. ఇంకోసారి పిలిచింది. చాలాసేపు చూసి, “ఆబ్సెంట్” అంది. పాపం, అంత దిగులుగా అది ఎవరి గురించీ అనగా వినలేదు. ఇంగ్లీషు క్లాసు కదా, బ్రిటిష్ సామ్రాజ్యం కాబోలనుకున్నాను. అది ఆబ్సెంటయి చాన్నాళ్లయింది కదా, ఇప్పుడు దిగులెందుకో తెలియలేదు.

ఫారం ఇందులో పెట్టాను. సంతకం చేశాను. పిల్ల పెట్టిన పెన్సిలు టిక్కు చెరిపి, గడి ఖాళీగా వదిలేశాను. ఒకటి పెడదామంటే పిల్ల మొహం చూసి చెయ్యి రావడం లేదు. మూడు పెడదామంటే, రేపల్లెలోలాగే మీ బడిలోనూ జనం మాటలందిస్తే ఈసారి అది మా దగ్గర కూడా మాట్లాడదేమో అని భయం. మీరు రోజూ పిల్లల్ని చూసే మనిషి. మీకేది తోస్తే అది పెట్టండి.

ఇట్లు,
ఏసుపాదం

తా.క.: మేక హాజరు కూడా పిలిచింది. అది ఇంగ్లీషులో పలికిందని సరోజ అంటోంది. నాకు మామూలుగానే వినబడింది.

*

తెనాలి,
జూన్ 12.

ఏసుపాదం బాబాయిగారికి,

నేను బాబును కాను. ఎం.ఎస్. అంటే మేకల సామ్రాజ్యం. నవ్వకండి. పదో తరగతి ఇంగ్లీషు మూడుసార్లు పోయిన మనిషిని. ఈ ఆఫీసులో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే ఫైలు పడిపోయినట్టు బల్ల కిందికి వంగుతాను. తనిఖీకి వచ్చిన వాళ్లెవరూ నా జడ తప్ప మొహం చూసి ఉండరు.

మొన్న పదో తారీఖున మీ ఫారం నా ముందుంది. మూడు గంటల్లోపు ఒకటో గడిలో టిక్కు పెట్టి తెమ్మని ప్రిన్సిపాల్ గారు చెప్పి వెళ్లారు. రెండుంబావుకి నా కళ్లు మూతలు పడ్డాయి.

మేడమీది గదిలో ఉన్నానండి. లాజరుగారు ముందు బెంచీలో ఉన్నారు. మేక కిటికీ పక్కన ఉంది. మాస్టారెవరా అని చూస్తే ఎవరూ లేరు. బోర్డు దగ్గర ఉన్నది మీ క్రిస్టినాయే. నన్ను లేపి చదవమంది. నేను మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. లాజరుగారు మాట అందించబోతే చెయ్యెత్తి ఆపింది. నేను పూర్తి చేసేదాకా, ఎంతసేపో నాకు తెలియదు, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడింది. నా కోసం ఎవరూ అంతసేపు ఆగలేదు బాబాయిగారూ.

కళ్లు తెరిస్తే మూడు కొడుతోంది. మీ ఫారంలో మూడో గడిలో టిక్కు ఉంది. సుద్దముక్కతో పెట్టినది. రాత నాదే. చీర కొంగుతో తుడిచాను, పోలేదు. అప్పుడు నా పెన్నుతో దాని మీదే దిద్ది, ఆఫీసు ముద్ర వేశాను.

“హూ డిడ్ దిస్?” అన్నారు ప్రిన్సిపాల్ గారు. నేను వంగలేదు. “ఐ…” అని ఆగాను. ఆయన మాట అందించబోయారు. చెయ్యెత్తి ఆపాను. “ఐ డిడ్, సార్” అని పూర్తి చేశాను. ఆయన కూర్చున్నారు.

ఇవాళ బడి తెరిచారు. ఒక పిల్ల ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది. మేమిద్దరం అంతకు ముందు కలిసింది లేదు. నా వంక చూసి, “హో… హో… హోంవర్కు చేశారా ఆంటీ?” అంది. వెనక వరసలో పిల్లలున్నా నింపాదిగానే అడిగింది. చేయలేదని ఒప్పుకున్నాను.

మీ కూతురులాంటి
సామ్రాజ్యం

తా.క.: ఆ గదిలో ఆఖరి బెంచీ మీద మీరూ ఉన్నారు. తల వాల్చి నిద్రపోతున్నారు. క్లాసులో నిద్రేంటని లేపబోతే క్రిస్టినా వద్దంది. “లేపకండి, అక్కడ తాతయ్య పాఠం చెబుతున్నాడు” అంది. అక్కడ మీ ముందు ఎవరు కూర్చుంటున్నారో, ఏం చెబుతున్నారో కాస్త రాయండి. ఫారంలో నాలుగో గడి కలపాలి.