ట్రామెక్కిన నీ చెప్పులు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మద్రాసు నుంచి రాస్తున్నాను. నీ మరదలి కంటికి ఆపరేషన్ అయింది. చూపు పోదని డాక్టరు చెప్పాక ప్రాణం కుదుటపడింది.

దవాఖాన నుంచి వస్తూ మొదటిసారి ట్రామెక్కాం. గంట కొట్టుకుంటూ వీధి మధ్య పట్టాల మీద పోతుంది. లోపల పట్టుపంచె కట్టిన పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూడగానే నా చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాను, మన ఊళ్లో దొర ఉండే గడి ముందు చేసినట్టే.

ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు. "కూర్చోవయ్యా. చెప్పులు తెగాయా?"

కంటికి కట్టుతోనే నీ మరదలు నవ్వింది. "తొడుక్కోరాదయ్యా. గీడ గడి ఉన్నదా, దొర ఉన్నడా?"

తొడుక్కుని, ఆయన పక్కనే కూర్చున్నాను. సముద్రపు గాలి చల్లగా తగిలింది.

అవి నీ చెప్పులే అన్నా. విప్పనన్నందుకు దొర మనుషులు నిన్ను కొట్టి చంపిన చోట దొరికినవి. దొర పట్నం పారిపోయాక కూడా, తాళం వేసిన ఆ గడి ముందు వాటిని నేను విప్పుతూనే ఉన్నాను.

రేపు బయలుదేరి బెజవాడలో రైలు దిగి, కోదాడ దాకా బస్సులో వస్తాం. అక్కడి నుంచి ఊళ్లోకి నడక. గడి ముందు నుంచే పోతాను.

విప్పను.

నీ తమ్ముడు