సీసాలో దూరిన గాలి

బావా,

క్షేమ సమాచారాలు తర్వాత. అక్కనూ పిల్లలనూ తీసుకుని బడిలోని శిబిరం వదిలి కొండవాలు ఇంటికి అప్పుడే వెళ్లకు. అగ్నిపర్వతం చల్లబడిందని మా పరిశోధనశాల చేసిన ప్రకటనకు ఆధారం నేను పట్టి తెచ్చిన ఒకే ఒక్క సీసా పొగ. ఆ సీసా పనికిరానిది.

లోపల కొత్త లావా పైకి వస్తుంటే పొగలో తేలిక రకం హీలియం పెరుగుతుంది. నా సీసాలో పెరగలేదని అందరూ గుండెల మీద చేతులేసుకుని నిద్రపోయారు. నిన్న లెక్కలు మళ్లీ చూస్తే, అందులో నియాన్ మామూలు గాలిలో ఉన్నంత ఉంది. అంటే నేను పట్టింది బయటి గాలి. పొగ కన్నంలో గొట్టం దించాక, బయటి గాలి దూరకుండా చుట్టూ తడి బంకమట్టి మెత్తాలి. విజ్ఞానం ప్రజలదని తోటివాళ్లకు ఉపన్యాసం దంచుతూ ఆ మట్టి సంగతే మరిచాను.

పెద్దసారుకు చెప్పాను. "ప్రకటన ఇచ్చేశాం. నువ్వెళ్లి నీ కరపత్రాలు చదువుకో" అన్నాడు. బల్ల గుద్దాను. "ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు.

"ఊడితే ఊడనీండి, ముందు సీసాలివ్వండి."

ఆయన ఇవ్వలేదు. స్టోరు చూసే తాత రెండిచ్చాడు. "తిట్లు నేను తింటాలే, నువ్వు మట్టి మెత్తడం మరవకు" అన్నాడు.

రేపు పొద్దున్నే కొండెక్కుతున్నాను. ఫలితానికి ఐదు రోజులు పడుతుంది. అందాకా బడిలోనే ఉండండి, మీ వీధివాళ్లనూ ఆపు. తప్పెవరిదని అడిగితే నాదేనని చెప్పు. కొండ నిజంగానే చల్లబడిందని తేలితే, వీధి మధ్య నిలబెట్టి తిట్టండి. ఒక్కసారికి ఎదురు మాట్లాడకుండా వింటాను.

నీ బావమరిది