తాతమ్మ గుడ్డ వెనకవైపు

అవోకా, దక్షిణాఫ్రికా, 1995, ఆదివారం రాత్రి

ఇంకా కోపం దిగలేదు. తాతమ్మ చిన్నప్పుడు రంగు దారాలతో నెమలిని కుట్టిన గుడ్డను వదిన నాకు చెప్పకుండా తీసుకెళ్లి, జిగురుతో అట్టకు అంటించి ఫ్రేము కట్టించింది.

"చిరిగిపోతా ఉంది కదా అమ్మాయ్, గమ్ పెట్టేసినాను. ఇప్పుడు నైస్‌గా లేదా?" అంది.

ముందువైపు రంగులు ఎప్పుడో వెలిసిపోయాయి. ఎండ తగలని వెనకవైపు దారాలు మాత్రం కొత్తవాటిలా ఉండేవి. అలాంటిదే కొత్త గుడ్డ మీద కుట్టాలని నేను గళ్ల కాగితం మీద డిజైను గీస్తున్నది ఆ వెనకవైపు చూసే. నెమలి పూర్తయింది. మిగిలింది అడుగున తాతమ్మ కుట్టుకున్న తన పేరు. ముందువైపు అక్కడ దారం అరిగి రాలిపోయింది. వెనక మిగిలిన పోగులను బట్టి ఈ వారం చదువుదామనుకున్నాను.

ఆ పేరేమిటో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. వదిననే అడిగాను.

"తాతమ్మ పేరు తాతమ్మే," అంది, ఫ్రేము తుడుస్తూ.

పోయినేడు అన్ని రంగులవాళ్లకీ మొదటిసారి ఓటొస్తే, వెళ్లిన మమ్మల్ని పేరడిగి మరీ లోపలికి పంపారు. తాతమ్మ పేరు మాత్రం సొంత ఇంట్లోనే జిగురు పాలైంది. పీకితే గుడ్డే చిరుగుతుంది...

కొత్త గుడ్డ మీద ఆ వరుస ఖాళీగా వదిలేస్తాను. ఎందుకని అడిగినవాళ్లకు వదిననే చెప్పుకోనీ.