ఆ కాగితాలు పారేశావా, అక్కా?

డార్విన్ (ఆస్ట్రేలియా),
ఆదివారం

అక్కకు నమస్కారాలు.

రమ, పాప, నేను కులాసాగానే ఉన్నాం. నీ వేళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? ఫోన్‌లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నేను ఊఁ అనడం తప్ప మాట్లాడనని నీకు తెలుసు. ఈసారి చెప్పాల్సింది అలా తేలేది కాదు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ వానలు ఇంకా మొదలవలేదు. రోజూ మబ్బు పడుతుంది, ఉరుముతుంది, వెళ్ళిపోతుంది. ఉక్క మాత్రం మన పెడన మే నెలను మరిపిస్తోంది. గోంగూర గింజలు నాటి ఎదురు చూస్తున్నాం. ఆసుపత్రిలో దుప్పట్ల చిరుగులు కుట్టే పని ఎప్పటిలాగే ఉంది. సాయంత్రాలు ఇంట్లో ఎంబ్రాయిడరీ మెషిన్ నడుపుతున్నాను. నా గురించి దిగులు పడకు, ఒంట్లో బాగానే ఉంది. బాగా లేనిది బుర్రే.

పాత కంప్యూటర్‌కి ఇక అప్‌డేట్లు రావని తెర మీద రోజూ హెచ్చరిక వస్తుంటే, విసిగిపోయి కొత్తది కొన్నాను. నా పద్ధతి నీకు తెలుసు. ఏ రోజు ఏం చేశానో పుస్తకంలో రాసుకుంటూ, ఒక్కో ఫైలూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పాతదాన్ని పూర్తిగా తుడిచేసి, పాత సామాన్లు తీసుకునేచోట ఇచ్చి వచ్చాను. ‘అన్నీ సరిచూశాను’ అని రాసి కింద గీత కూడా గీశాను. ఆ గీత గీసిన చేతిని ఏం చేసినా పాపం లేదు.

నీ కుట్టు డిజైన్లను నేను కంప్యూటర్‌లో గీసిన సాఫ్ట్‌వేర్‌ని ఒక్కసారి డబ్బు కడితే జీవితాంతం నీదే అంటే కొన్నాను. దాని లైసెన్స్ నంబరు కొన్న రోజు పేజీలోనే ఉంది. కొత్త కంప్యూటర్‌లో ఆ నంబరు కొడితే, ఇది వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉంది అంటోంది. ఆ వేరే కంప్యూటర్ తుక్కులో ఉంది.

లంచ్ టైంలో ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాను. వాళ్ళు వేసిన పాట వింటూ కూర్చుంటే, నా అన్నం చల్లారాక ఒకమ్మాయి పలికింది. ఇంగ్లీషులో జరిగిన మాటలు నీకోసం తెలుగులో రాస్తున్నాను.

“ముందు పాత కంప్యూటర్లో లైసెన్స్ తీసెయ్యాలి సార్.”

“పాత కంప్యూటర్ లేదమ్మా.”

“అయితే తియ్యలేం సార్. నెలనెలా కట్టే కొత్త వెర్షన్ తీసుకోండి.”

“అందులో నా పాత ఫైళ్ళు తెరుచుకుంటాయా?”

“తెరుచుకోవు సార్.”

“జీవితాంతం అన్నారు కదమ్మా?”

“ఆ వెర్షన్ జీవితాంతం సార్. ఇంకేమైనా సాయం కావాలా?”

ఇంటికి వచ్చి చెబితే పాప, “డాడ్, జస్ట్ మేక్ దెమ్ అగైన్!” అంది. రమ ఊరుకుంటుందా? “ఇన్ని పుస్తకాలు నింపారు కదండీ, ఒక్కదాన్లో అయినా ‘ముందు ఎవర్నన్నా అడగాలి’ అని రాసుకోలేకపోయారా?” అంది.

అక్కా, నలభై ఒక్క డిజైన్లు. నువ్వు పెళ్ళికి ముందు నుంచీ గీసినవి. మెషిన్‌కి ఎక్కించి కుట్టినవి రెండే. మిగతావాటి పేర్లు మాత్రం కనిపిస్తున్నాయి. వరికంకి, తాటాకు చాప, చేపపొలుసు అంచు. నొక్కితే తెరుచుకోవు.

నేను పెడన వచ్చినప్పటి పుస్తకం తీసి చూశాను. నా చేత్తో రాసిందే: ‘అక్క ట్రేసింగ్ కాగితాలన్నీ ఫోటోలు తీసి, వాటిని చూస్తూ వెంట తెచ్చిన కంప్యూటర్‌లో గీశాను. ఫోన్ నిండిందని ఫోటోలు చెరిపేశాను. కాగితాలు ఇంక పారేయమని అక్కకు చెప్పాను. ఇల్లంతా కిరోసిన్ కంపు.’ సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్ది, ఎన్ని వందల జాకెట్ల మీద అచ్చు దించావో ఆ కాగితాలతో. నేను పారేయమంటే నువ్వేమన్నావో మాత్రం రాసుకోలేదు. మూట కట్టి లోపలికి తీసుకెళ్ళినట్టు గుర్తు.

నిన్న ఆసుపత్రి నర్సు సునీత తన జాకెట్టుకు చేపపొలుసు అంచే కావాలంది. రమకు నువ్వు చేత్తో కుట్టి ఇచ్చిన జాకెట్టు మీద ట్రేసింగ్ కాగితం పరిచి గీసుకుని, సూదితో పొడవడం మొదలుపెట్టాను. సూది నిటారుగా పట్టరా, కాగితం చిరుగుతుంది అనేదానివి. చిరిగింది. వేలికీ గుచ్చుకుంది. మూడో కాగితానికి కుదిరింది. కానీ అన్నింటికీ రమ దగ్గర జాకెట్లు లేవు. ఆ వేళ్ళతో మళ్ళీ గీయమని నిన్ను అడగలేను.

మాడిపోయిన కుక్కర్ రబ్బరు కూడా పారేయవని నిన్ను ఎన్నోసార్లు విసుక్కున్నాను. చెప్పిన మాట ఒక్కటీ వినవని బావగారి దగ్గర కూడా అన్నాను. ఈసారీ వినకుండా ఉండి ఉంటే చాలు. కాగితాలు ఉంటే పోస్టులో పంపకు, నలిగిపోతాయి. సెలవు పెట్టి నేనే వస్తాను. కంపు అని అనను.

బావగారికి, పెద్దమ్మకు మా ముగ్గురి నమస్కారాలు చెప్పు. నీ దీవెన ఎప్పుడూ ఉంటుందని తెలుసు, అయినా అడుగుతున్నాను.

పారేసి ఉంటే ఫోన్‌లో చెప్పకు, ఉత్తరం రాయి. ఉంటే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యి. నేను ఊఁ అనే అంటాను. అది ఎలాంటి ఊఁనో నీకు తెలుస్తుంది.

నీ తమ్ముడు,
సుబ్బారావు